లేబుళ్ల మేడం

సంతోషకుమారి పేరు ఆ ఆస్పత్రిలో సగం మందికి తెలియదు. క్యాజువాలిటీ నుంచి లైబ్రరీకి ఫోను చేసే హౌస్ సర్జన్లందరికీ ఆమె లేబుళ్ల మేడం. గుంటూరు నుంచి చిలకలూరిపేట పోయే దారిలో, పత్తి చేల మధ్య లేచిన వైద్య విశ్వవిద్యాలయం అది. అందులో ఆమెది అసిస్టెంట్ లైబ్రేరియన్ ఉద్యోగం. పుస్తకాలు ఇవ్వడం, పుస్తకాలు తీసుకోవడం, పరీక్షల ముందు ఒకే పుస్తకం కోసం కొట్టుకునే పిల్లల్ని విడదీయడం రోజువారీ పని. అసలు పని పీజీ డాక్టర్లతో. వాళ్లు థీసిస్ రాసుకుంటామని వస్తే, కావలసిన వ్యాసాలు ఏ పత్రికలో ఉన్నాయో వెతకాలి. లేనివాటి కోసం ఢిల్లీకి రాసి తెప్పించాలి. జెరాక్స్ తీసి, పిన్ను కొట్టి చేతిలో పెట్టాలి. తీరా థీసిస్ బైండింగ్ అయి వచ్చాక చూస్తే కృతజ్ఞతల పేజీలో దేవుడుంటాడు, అమ్మానాన్నలుంటారు, టైపు చేసినవాడు కూడా ఉంటాడు. లైబ్రరీ ఉండదు. దాని మీద తనకేం పట్టింపు లేదనేది గానీ, ర్యాకులో పెట్టే ముందు ఆ పేజీ మాత్రం తప్పకుండా తిరగేసేది.

ఆమె సొంతూరు ప్రత్తిపాడు. చర్చి వెనక వీధిలో ఇల్లు. తండ్రి ఏసోబు, తల్లి, అన్నలు అందరూ మిరప కోతలకూ పత్తి తీతలకూ పోయేవాళ్లే. మిషన్ హాస్టల్లో ఉండి చదువుకుని, లైబ్రరీ సైన్సు డిగ్రీ చేసి, ఇస్త్రీ చీర కట్టుకుని కుర్చీలో కూర్చునే ఉద్యోగం సంపాదించింది. ఆ వీధిలో అంతకు ముందు ఆడపిల్లల్లో టీచర్లయిన వాళ్లున్నారు, ఆయాలయిన వాళ్లున్నారు. పెద్ద డాక్టర్లు పక్కన నిలబడి "మేడం, కొంచెం చూసి పెడతారా" అని అడిగే ఉద్యోగం చేసినవాళ్లు లేరు. ఏసోబు బతికున్నన్నాళ్లూ ఈ మాట ఊరంతా చెప్పుకుని తిరిగాడు.

లేబుళ్ల గొడవ మొదలైంది తొంభై ఎనిమిదిలో. ఆ ఏడు పత్తిని శనగపచ్చ పురుగు తినేసింది. రైతులు మందు మీద మందు కొట్టారు. పురుగు చావలేదు, మనుషులు చచ్చారు. కొట్టే మందే తాగినవాళ్లు కొందరు, కొడుతూ కొడుతూ చేలోనే పడిపోయినవాళ్లు కొందరు. ఆస్పత్రికి తెచ్చేటప్పుడు వెంట వచ్చినవాళ్లు మందు డబ్బా కూడా తెచ్చేవాళ్లు. డాక్టరుకు అది చూపిస్తే తెలుస్తుందని వాళ్ల ఆశ. డబ్బా మీద చూస్తే సింహం బొమ్మో, కత్తి బొమ్మో, ఒక గర్జించే పేరు. అసలు మందేమిటో అడుగున చీమ తలకాయంత అక్షరాల్లో ఉండేది. సగం డబ్బాల మీద అదీ చెరిగిపోయి ఉండేది. మందుల్లో అన్నీ ఒక జాతివి కావు. ఒకదానికి విరుగుడు అట్రోపిన్. ఇంకోదానికి అట్రోపిన్ ఇస్తే ఉన్న ప్రాణం కూడా పోతుంది.

జనరల్ మెడిసిన్ ప్రొఫెసర్ వెంకటేశ్వరమ్మ గారు ఒకరోజు లైబ్రరీకి వచ్చి సంతోషకుమారి బల్ల ముందు కూర్చున్నారు. "అమ్మాయ్, మా పిల్లలు పుస్తకం తిరగేసే లోపల పేషెంటు పోతున్నాడు. బ్రాండు పేరు చెప్తే మందు పేరూ విరుగుడూ చెప్పే ఏర్పాటేదన్నా చెయ్యగలవా?" అన్నారు. చేస్తానంది. చేసింది కూడా. సెలవు రోజుల్లో గుంటూరు పురుగుమందుల కొట్ల వెంట తిరిగింది. ఖాళీ డబ్బాలు అడిగి తెచ్చి, నీళ్లలో నానబెట్టి, లేబుళ్లు ఊడదీసి ఆరబెట్టి, ఒక్కోటి ఒక్కో కార్డు మీద అంటించింది. కింద మందు పేరు, జాతి, లక్షణాలు, విరుగుడు. ప్రతి కార్డూ ప్రొఫెసర్ గారు దిద్ది సంతకం పెట్టారు. కార్డులు అక్షరక్రమంలో చెక్కపెట్టెలో సర్దింది. క్యాజువాలిటీకీ లైబ్రరీకీ మధ్య ఫోను పెట్టించారు. ఫోను మోగితే, అవతలివాళ్లు పేరు చెప్పి ఊపిరి తీసుకునేలోగా ఈమె కార్డు తీసి చదివేది.

దానివల్ల మనుషులు బతికారు. ఈ మాట ఎవరూ కాదనలేరు. విశ్వవిద్యాలయం వార్షికోత్సవంలో శాలువా కప్పారు. తనిఖీకి వచ్చిన పెద్దలకు ఆ చెక్కపెట్టెను ముందుగా చూపించేవాళ్లు. సంతోషకుమారి దాన్ని రోజూ తనే తుడుచుకునేది, అటెండరును ముట్టనిచ్చేది కాదు.

ఇన్నేళ్లలో ఆమె క్యాజువాలిటీ గడప తొక్కలేదు. లైబ్రరీ పైఅంతస్తులో ఉంటుంది. మెట్లు దిగి, ఆవరణ దాటితే క్యాజువాలిటీ. దూరమేం కాదు. వెళ్లబుద్ధి కాలేదు, అంతే. అక్కడ తలుపు దగ్గర గొంతుక్కూర్చుని ఏడ్చే ఆడవాళ్లంతా వాళ్లమ్మ లాగే ఉండేవాళ్లు. ఆ వాసన, ఆ తలకు చుట్టిన తువ్వాళ్లు, కాళ్లకున్న ఆ నల్లరేగడి మట్టి, అన్నీ ఆమె ఎంతో కష్టపడి వదిలించుకున్నవి. కుర్చీలోంచి ఫోన్లో చదివితే పని జరిగిపోతున్నప్పుడు దిగిపోవడం దేనికి? ఆమె అలా అనుకుంది. ఆ స్థితిలో ఉంటే మనలో చాలామందిమి అలాగే అనుకుంటాం.

రెండు వేల మూడులో, పత్తి కాయ పట్టే రోజుల్లో, ఒక సాయంత్రం ఫోను మోగింది. కొత్తగా చేరిన హౌస్ సర్జన్ శ్రీరమ్య.

"మేడం, మందు కొడుతూ పడిపోయిన కేసొచ్చింది. వాంతులు, చెమటలు. డబ్బా తెచ్చారు. పేరు చదువుతాను, చూస్తారా?"

పేరు వినగానే సంతోషకుమారి చెయ్యి కార్డు మీదకు వెళ్లింది. "ఇది సైపర్‌మెత్రిన్ డాక్టరు గారూ. ప్రాణం తీసే జాతి కాదు. ప్రత్యేకంగా విరుగుడేం లేదు, లక్షణాల్ని బట్టి చూసుకోమని ఉంది. అట్రోపిన్ అక్కర్లేదు. చాలావరకు ఒకట్రెండు రోజుల్లో తేరుకుంటారని రాసుంది."

"హమ్మయ్య. కంటిపాపలు కూడా మామూలుగానే ఉన్నాయి మేడం, సరిపోయింది. వాళ్లూళ్లో ఆర్‌ఎంపీ ఎవరో సెలైన్ ఎక్కించి పంపించాడంట. అందులో ఏం కలిపాడో కాగితం ముక్క లేదు. థాంక్యూ మేడం."

శ్రీరమ్య కేసు షీటులో "మందు సైపర్‌మెత్రిన్, లైబ్రరీ వారు నిర్ధారించారు" అని రాసింది. నెత్తురు పరీక్షకు పంపింది గానీ ఆ రిపోర్టు రావాలంటే మర్నాడు సాయంత్రం అవుతుంది. ఐసీయూలో మంచాలు ఖాళీ లేవు. ప్రాణభయం లేని కేసుగా మనిషిని జనరల్ వార్డుకు పంపారు. సంతోషకుమారి కార్డును యథాస్థానంలో పెట్టి, పెట్టె మూసి, బస్సు టైమైందని ఇంటికి వెళ్లిపోయింది.

మర్నాడు పొద్దున లైబ్రరీ తెరిచిన కాసేపటికి గుమ్మం దగ్గర ఎవరో నిలబడ్డారు. చెప్పులు బయట విడిచి, కొంగు భుజాల నిండా కప్పుకుని, లోపలికి రావాలా వద్దా అన్నట్టు చూస్తున్న మనిషి రూతమ్మ. సంతోషకుమారి పెదనాన్న కొడుకు సాల్మన్ భార్య. సాల్మన్ ఆమెను చిన్నప్పుడు భుజాన ఎక్కించుకుని బడికి తీసుకెళ్లినవాడు, హాస్టల్లో చేరిననాడు పెట్టె మోసినవాడు.

"సంతోషం," అంది రూతమ్మ, "మీ అన్నని నిన్న తీసుకొచ్చామమ్మా. ఆదెయ్య గారి చేలో మందు కొడతా పడిపోయాడు. నువ్వీడ పన్జేస్తావని గుర్తొచ్చి అడుక్కుంటా వచ్చా."

సంతోషకుమారి కౌంటరు అటెండరుకు అప్పజెప్పి వదిన వెంట దిగింది. మెట్ల మీదే అర్థమైంది, నిన్న సాయంత్రం ఫోన్లో చెప్పిన కేసు సాల్మన్‌దే, తను చదివిన కార్డు అతని డబ్బాదే. అప్పుడు ఆమెకు కలిగింది భయం కాదు, ఊరట. "ఏం కాదులే వదినా. నిన్న ఆ డబ్బా సంగతి నాకు తెలుసు. అది చిన్న మందే. రేపటికల్లా లేచి కూర్చుంటాడు," అంది. రూతమ్మ కొంగుతో కళ్లు ఒత్తుకుని, "నువ్వు చెప్తే ఇంకేముందమ్మా," అంది.

వార్డులో సాల్మన్ వెల్లకిలా పడుకుని ఉన్నాడు. శుభ్రంగా స్నానం చేయించి, తెల్ల చొక్కా తొడిగి తెచ్చారు. పట్నం ఆస్పత్రికి పోతున్నామంటే మన వాళ్లు ప్రాణం మీదికొచ్చినా మాసిన బట్టలతో పోరు. నిన్నంతా స్ప్రేయరు ట్యాంకు కారి వీపంతా మందు నానిందని, నాజిలు మూసుకుపోతే ఎప్పటిలాగే నోటితో ఊదాడని రూతమ్మ చెప్పింది. రైతు ఆదెయ్య గారే ఆటో మాట్లాడి తీసుకొచ్చి, పొద్దుటిదాకా వరండాలో కూర్చుని ఇప్పుడే టీకి వెళ్లాడంట. మంచి మనిషే ఆదెయ్య.

సాల్మన్ చెల్లెల్ని చూసి నవ్వాడు. నవ్వు సగమే వచ్చింది. "ఏందమ్మా, పెద్ద ఆఫీసరువైపోయావ్," అన్నాడు. గొంతు ముక్కుతో మాట్లాడుతున్నట్టుంది. రూతమ్మ మజ్జిగ తాగించబోయి, అతని తల వెనక చెయ్యి పెట్టి ఎత్తింది. చెయ్యి కొంచెం సడలేసరికి తల వెనక్కి వాలిపోయింది.

"పొద్దుట్నించి మెడ నిలబట్టం లేదు సంతోషం. దిండు మీంచి తల లేపలేకపోతన్నాడు."

"కడుపు కడిగారుగా, నీరసం వదినా. పడుకోనివ్వు."

అలా చెప్పి, అన్న నుదుటి మీద చెయ్యేసి ప్రార్థన చేసి, మధ్యాహ్నం అన్నం పంపిస్తానని పైకి వచ్చేసింది. రౌండ్స్‌కు వచ్చిన డాక్టర్లు కూడా కేసు షీటు చూసి, "సైపర్‌మెత్రినా, సరే," అని పక్క మంచానికి వెళ్లిపోయారు. నిర్ధారించింది లైబ్రరీ. ఆ లైబ్రరీ మాట ఇన్నేళ్లలో తప్పింది లేదు.

మధ్యాహ్నం సాల్మన్‌కు ఊపిరి అందలేదు. అరుపూ లేదు, కొట్టుకోవడమూ లేదు. ఛాతీ లేవడం తగ్గుతూ తగ్గుతూ వచ్చింది. నిద్రపోతున్నాడనుకుని రూతమ్మ విసురుతూ కూర్చుంది. పెదాలు నల్లబడ్డాక కేక పెట్టింది. నర్సులు పరిగెత్తారు, గొంతులో గొట్టం వేశారు, వెంటిలేటరున్న మంచం ఖాళీ చేయించేదాకా చేత్తోనే గాలి కొట్టారు. గుండె ఆగిపోయింది. కబురు అందుకుని సంతోషకుమారి ఆవరణ దాటేసరికి ముఖం మీద దుప్పటి కప్పి ఉంది.

సాయంత్రం నెత్తురు రిపోర్టు వచ్చింది. అతని ఒంట్లోకి పోయింది సైపర్‌మెత్రిన్ కాదు. ప్రాణం తీసే జాతిదే, మోనో అని ఊళ్లల్లో అందరూ పిలిచే మందు జాతిది. ఆర్‌ఎంపీకి కబురు చేసి అడిగితే, అతను సెలైన్లో కలిపింది అట్రోపిన్ అని తేలింది. ఆ జాతి మందుకు సూదిమొనల్లా ముడుచుకుపోవలసిన కంటిపాపలు దానివల్లే మొదట్లో మామూలుగా కనబడ్డాయి. వెంకటేశ్వరమ్మ గారు కార్డు తెప్పించుకుని డబ్బాతో పోల్చి చూశారు. "కార్డు సరిగానే ఉందమ్మాయ్. లేబులూ అదే. కల్తీ మందేమో, కంపెనీ మీద రాయాలి," అన్నారు.

కల్తీ కాదని సంతోషకుమారికి ఆ క్షణమే తెలిసిపోయింది. వాళ్ల వైపు రైతులు మందు పెద్ద క్యాను కొనుక్కుంటారు. ఏ రోజుకారోజు కావలసినంత ఖాళీ డబ్బాల్లోకి వంచి కూలీల చేతికిస్తారు. ఏ డబ్బా దొరికితే ఆ డబ్బా. పారేసేదేముంది, గట్టి డబ్బా, మూత బిగుతుగా పడుతుంది. వాళ్లింట్లో కిరసనాయిలు అలాంటి డబ్బాలోనే ఉండేది. పక్కింట్లో విత్తనాలు అలాంటి డబ్బాలోనే ఉండేవి. డబ్బా మీద ఉన్న పేరుకూ లోపలున్న సరుకుకూ సంబంధం ఉంటుందని ఆ వీధిలో పసిపిల్లలు కూడా అనుకోరు. కొట్ల నుంచి కొత్త డబ్బాలు తెచ్చుకుని, లేబుళ్లు ఊడదీసుకుని, పైన కూర్చున్న సంతోషకుమారి అనుకుంది. అయిదేళ్లుగా అనుకుంటూనే ఉంది. ఇంతకు ముందు ఎందరి విషయంలో తప్పు చదివిందో, వాళ్లలో ఎవరు బతికారో ఎవరు పోయారో ఇక చెప్పేవాళ్లు లేరు.

బల్ల సొరుగులో ఒక జెరాక్స్ వ్యాసం ఉంది. ఒక పీజీ థీసిస్ కోసం ఢిల్లీ నుంచి తెప్పించి, ఎన్నోసార్లు కాపీలు తీసి ఇచ్చింది. పేరూ సంవత్సరమూ తప్ప లోపల చదవలేదు. ఆ సాయంత్రం చదివింది. ఈ జాతి మందులతో మొదట తేరుకున్నట్టు కనిపించిన మనిషికి మర్నాడో ఆ మర్నాడో కండరాలు చచ్చుబడి ఊపిరి ఆగిపోవచ్చునని, ముందుగా కనిపించే గుర్తు రోగి దిండు మీంచి తల ఎత్తలేకపోవడమని మొదటి పేజీలోనే ఉంది. ముక్కుతో మాట్లాడినట్టు గొంతు మారుతుందనీ ఉంది. ఆమె కాగితాలు బల్ల మీదే వదిలేసి, అటెండరు పిలుస్తున్నా వినిపించుకోకుండా కిటికీ దగ్గర నిలబడిపోయింది.

మట్టి చేసిన రోజున ఆమె ఊళ్లో ఎవరి కళ్లలోకీ చూడలేదు. రూతమ్మ ఆమె చెయ్యి పట్టుకుని, "నువ్వుండబట్టి ఆ కాస్త మర్యాదన్నా జరిగిందమ్మా, లేకపోతే మమ్మల్నెవరు పట్టించుకుంటారు," అని ఏడ్చింది. సమాధి దగ్గర అందరూ ఆ మాటే అన్నారు. నిజం చెప్పాలని నోటిదాకా వచ్చింది. చెప్పకుండానే బస్సెక్కింది.

ఆ తర్వాత ఆమె పద్ధతి మార్చింది. క్యాజువాలిటీ ఫోను మోగితే కార్డు తీయడం మానేసి, కౌంటరు అప్పజెప్పి తనే దిగేది. తలుపు దగ్గర కూలబడ్డ ఆడవాళ్ల పక్కన తనూ గొంతుక్కూర్చుని, "ఇందులో పోసిందేంటక్కా? ఎవరు వంచిచ్చారు? నీళ్లలో కలిపిందెవరు?" అని అడిగేది. దుఃఖంలో ఉన్నా వాళ్లు చెప్పేవాళ్లు. డబ్బా మీది పేరుతో వాళ్లు చెప్పిన పేరు కలవనివే ఎక్కువ. కార్డుల పెట్టెకు ముందు ఆ ప్రశ్నలు అడగాలని వెంకటేశ్వరమ్మ గారు హౌస్ సర్జన్లందరికీ ఆజ్ఞ వేశారు. పక్క జిల్లా ఆస్పత్రి వాళ్లు వచ్చి చూసిపోయారు. లైబ్రరీ అంటే ఇలా ఉండాలని మీటింగులో మెచ్చుకున్నారు. ఈసారి శాలువా కప్పుతామంటే ఆమె ఒంట్లో బాగాలేదని వెళ్లలేదు. బాగాలేని మాట నిజమే. తిండి సయించడం ఎప్పుడో మానేసింది.

ఏడాది తిరిగాక సాల్మన్ జ్ఞాపకార్థ కూడిక పెట్టారు. పాస్టరు గారు వాక్యం చెప్పి వెళ్లారు, భోజనాలయ్యాయి. దొడ్లో రూతమ్మ పళ్లేలు తోముతోంది. సంతోషకుమారి చీర కుచ్చిళ్లు పైకి దోపుకుని పక్కన కూర్చుని కడగడం మొదలుపెట్టింది.

"వదినా, నీకొకటి చెప్పాలి. ఆ రోజు డాక్టరమ్మ ఫోన్ చేస్తే, డబ్బా మీద పేరు చూసి అది చిన్న మందని చెప్పింది నేనే. నేనలా చెప్పబట్టే అన్నని మామూలు వార్డులో వేశారు."

రూతమ్మ చేతిలో బూడిద పీచు ఆగింది.

"నేనా తలుపు కాడే నిలబడున్నా," అంది. "నా చేతిలో డబ్బా తీసుకుని చదువుకుంటా లోపలికెళ్లారు. మోనో అని ఒక్కళ్లడిగినా చెప్పేదాన్ని. పొద్దున నీళ్లల్లో కలిపిందాన్ని నేనేగా. డాక్టర్లు, చదువుకున్నోళ్లు, వాళ్లకు తెలవదా అని ఊరుకున్నా."

"నీ తప్పేం లేదు వదినా."

"ఆ డాక్టరమ్మ పట్నం పిల్ల, ఆమెకేం తెలుస్తది. నువ్వు మనూరి పిల్లవు గదా సంతోషం. నువ్వన్నా వచ్చి నన్నడగాల్సింది."

రూతమ్మ ఆ మాట కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే సంతోషకుమారి ఆమె కాళ్లు పట్టుకుని ఏడవగలిగేది.